ముందు నీళ్ళున్న చోటికి వెళ్ళు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ప్రయాణం పట్టిక చదివాను. రోమ్, పాంపే, ఇంగ్లండులో బాత్ ఊరు, తర్వాత బుడాపెస్ట్, ఇస్తాంబుల్, ఆఖర్న జపాన్. ఉద్యోగానికి సెలవు పెట్టి పాత స్నానశాలలు చూడ్డానికి ఒంటరిగా బయల్దేరుతున్నావని మీ అమ్మకి కంగారుగా ఉంది. నాకు మాత్రం ముచ్చటేసింది. కోటలూ గోపురాలూ చూసొచ్చేవాళ్ళు బోలెడుమంది. ఒక ఊరి జనం ఒళ్ళు ఎక్కడ తోముకున్నారు, ఆ కాసేపూ ఎవరితో ఏం కబుర్లాడుకున్నారు అని వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళని నేను ఎక్కువమందిని చూళ్ళేదు.

నీ వరుసే నాకు నచ్చలేదు. శిథిలాలు ముందు పెట్టుకుని వేణ్ణీళ్ళు వెనక్కి నెట్టావు. దాన్ని తిరగెయ్యి. ముందు ఇస్తాంబుల్ వెళ్ళు, అక్కణ్ణించి బుడాపెస్ట్. ఒళ్ళు వేడెక్కి, చెమట పట్టి, చన్నీళ్ళు పడగానే ఉలిక్కిపడి, ఆ తర్వాత హాయిగా కునుకు ముంచుకురావడం ఏమిటో నీ ఒంటికి తెలిశాక రోమ్ వెళ్ళు. తెలియకుండా వెళ్తే కరకల్లా స్నానశాల నీకు ఎత్తైన ఇటుక గోడలే. గైడు ‘ఇది వేడి గది, ఇది గోరువెచ్చని గది, ఇది చల్లటి గది’ అంటాడు, నువ్వు తలాడిస్తావు, ఫోటో తీసుకుంటావు, ఐస్‌క్రీమ్ కొనుక్కుని బయటికొస్తావు. ఒకసారి వేడి గదిలో కూర్చుని లేచినదానివైతే, కరకల్లాలో వేడి గదిని సాయంత్రపు ఎండ పడే నైరుతి వైపుకి ఎందుకు పొడుచుకొచ్చేట్టు కట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి, సిగ్గు. నువ్వు అడగలేదు గానీ, మీ అమ్మతో ఫోన్లో గొణిగావట.

పదిమందిలో స్నానం మనకి కొత్తేం కాదే. రాజమండ్రిలో పుట్టినదానికి నీకు ఇది చెప్పాలా? కోటిలింగాల రేవులో కార్తీకమాసం తెల్లారుజామున ఆడవాళ్ళు మునిగి లేచి, తడిచీర మీదే పొడిచీర చుట్టుకుని, జానెడు ఒళ్ళు కనపడకుండా బట్ట మార్చుకోవడం చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నావు. పన్నెండేళ్ళకోసారి పుష్కరాలొస్తే ఊరంతా నదిలోనే. మనకి అలవాటు లేనిది బట్ట లేకపోవడం ఒక్కటే. అది కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. బుడాపెస్ట్‌లో ఆడామగా కలిసి దిగే కొలనుల్లో ఈతబట్టలు తప్పనిసరి. ఇస్తాంబుల్‌లో పెష్తెమాల్ అని గళ్ళ తువ్వాలు ఇస్తారు, అది చుట్టుకుని లోపలికి వెళ్ళాలి. లోదుస్తు ఒకటి ఉంచుకునేవాళ్ళే ఎక్కువ. జపాన్‌లో ఆడవాళ్ళ గది వేరు, మగవాళ్ళ గది వేరు, ఒంటిమీద మాత్రం నూలుపోగు ఉండకూడదు. అక్కడ ఈతబట్టలతో దిగితేనే తప్పు. బట్టకి అంటుకున్న మురికి అందరి నీళ్ళలో కలుస్తుందని వాళ్ళ లెక్క. ఆలోచిస్తే సబబే.

నిన్నెవరూ చూడరు, తల్లీ. ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. పక్కన కూర్చున్న డెబ్భై ఏళ్ళావిడకి మోకాలినొప్పులతో, కోడలి కబుర్లతో సరిపోతుంది. చూస్తే గీస్తే నువ్వే చూస్తావు. కాన్పుల చారలు, ఆపరేషన్ కుట్లు, జారిన పొట్టలు, వంగిన వీపులు. చూడు, మంచిదే. మీ తరం ఆడవాళ్ళ ఒంటిని ఫోన్లో తప్ప చూడలేదు, ఆ ఫోన్లో ఉన్నవాళ్ళంతా పాతికేళ్ళవాళ్ళే. వయసు మీద పడిన ఒళ్ళు ఎలా ఉంటుందో మా చిన్నతనంలో పెరట్లో నూతి దగ్గరే తెలిసిపోయేది.

అయినా నీ వల్ల కాదనుకో, మానేసెయ్. జపాన్‌లో గంటల లెక్కన ఒక్కరికో ఒక కుటుంబానికో అద్దెకిచ్చే గదులుంటాయి. జార్జియా రాజధాని టిబిలిసిలో పాత గంధకపు స్నానాలపేట అబనోతుబనిలో కూడా విడిగదులు దొరుకుతాయి. అక్కడ ఇటుక గుమ్మటాలు నేలలోంచి ఉబికినట్టుంటాయి, స్నానశాలలు వాటి కింద ఉంటాయి. రష్యా కవి పుష్కిన్ 1829లో అక్కడ స్నానం చేసి మహా మెచ్చుకున్నాడు. నీ పట్టికలో ఆ ఊరు లేదు, వీలైతే చేర్చు. కాళ్ళ పట్టీలు, వెండి ఉంగరం మాత్రం బసలోనే వదిలి వెళ్ళు, గంధకపు నీళ్ళకి వెండి నల్లబడుతుంది. మీ అమ్మమ్మ ఇచ్చిన పట్టీలు నల్లగా చేసుకొస్తే నాకు చెప్పకు.

ఇంకొక్కటి, గట్టిగా చెప్తున్నాను. ఇస్తాంబుల్‌లో పర్యాటకుల కోసమే నడిపే కొన్నిచోట్ల ఆడవాళ్ళని రుద్దడానికి మగవాళ్ళని పంపుతారు. పాత పద్ధతిలో అది లేదు. ఆడవాళ్ళ వైపు పనిచేసే మనిషిని నాతిర్ అంటారు, ఆవిడ ఆడమనిషే. మగవాళ్ళ వైపు ఉండేవాడు తెల్లాక్. టికెట్ కొనేముందే అడుగు, నీకు నచ్చని జవాబొస్తే మారుమాట లేకుండా బయటికి నడు. డబ్బు కట్టేశావు గదాని మొహమాటపడకు.

ఇస్తాంబుల్‌లో నీకు చెంబర్లితాష్ హమామ్ చెప్తాను. 1584లో కట్టింది. కట్టించింది నూర్బాను సుల్తాన్, రెండో సెలీం భార్య, మూడో మురాద్ తల్లి. నమూనా మిమార్ సినాన్‌ది అంటారు. ఉస్కుదార్‌లో ఆవిడ పెట్టిన ధర్మసంస్థకి రాబడి కోసం ఈ స్నానశాల కట్టించింది. జనం స్నానం చేసి ఇచ్చిన చిల్లరతో మసీదూ బడీ అన్నసత్రమూ నడిచేవన్నమాట. రాణులు స్నానశాలలు కట్టించారంటే విలాసం కోసమే అనుకుంటాం గానీ, చాలావాటి వెనక ఇలాంటి జమాఖర్చులుంటాయి. ఆయసోఫియా పక్కన హుర్రెం సుల్తాన్ కట్టించినది ఇంకా పాతది, 1556 నాటిది. అందం దానిదే ఎక్కువ, ఖరీదూ దానిదే.

లోపలికి వెళ్ళగానే ఎక్కడా కొలను కనపడదు. కంగారుపడకు. పారే నీళ్ళతోనే శుద్ధి అని వాళ్ళ ఆచారం, నిలవ నీళ్ళలో మునగరు. గోడ వారగా పాలరాతి తొట్లుంటాయి, కుర్నా అంటారు. అందులో నీళ్ళు గిన్నెతో ముంచుకుని పోసుకోవాలి. ఆ తొట్టికి అడుగున తూము ఉండదు. కాబట్టి సబ్బునురుగు అందులో పడనివ్వకు, చెయ్యి పెట్టి కడుక్కోకు. విదేశీయులు చేసే మొదటి తప్పు అదే, పక్కావిడ మొహం మాడ్చుకుంటుంది. గది నడుమ పెద్ద పాలరాతి అరుగు ఉంటుంది, కింద నుంచి కాలుతూ. దానిమీద తువ్వాలు పరుచుకుని వెల్లకిలా పడుకో. పైన గుమ్మటానికి చిన్న చిన్న గాజు కన్నాలుంటాయి, వాటిలోంచి వెలుతురు చారలుగా ఆవిరిలోకి దిగుతుంది. అదే చూస్తూ పడుకో, చెమట పట్టేదాకా లేవకు.

అప్పుడు నాతిర్ వచ్చి కెసె అనే గరుకు చేతితొడుగుతో రుద్దుతుంది. దీపావళికి ముందురోజు తెల్లారుజామున నీ వీపుకి నలుగుపెట్టి నేను రుద్దినట్టే, కాకపోతే ఆవిడకి నీ ఏడుపుతో పనిలేదు. బూడిదరంగు మట్టి నూలుపోగుల్లా రాలుతుంది. సిగ్గుపడకు, అందరికీ రాలుతుంది, ఆవిడ అది నీకు చూపించి మరీ నవ్వుతుంది. తర్వాత గుడ్డసంచిలో గాలి ఊది సబ్బునురుగు దుప్పటిలా కప్పేస్తుంది. అయ్యాక లేచి పరిగెత్తకు. చల్లటి గదిలో కూర్చుని టీ తాగి, ఒళ్ళు చల్లబడ్డాక కదులు. ఆ చివరి అరగంట కూర్చోకుండా వచ్చేస్తే హమామ్‌కి వెళ్ళనట్టే. ఆవిడ చేతిలో నాలుగు డబ్బులు పెట్టడం మర్చిపోకు. రోజంతా ఆ వేడిలో నిలబడే మనిషి.

వెళ్ళే ముందు భోజనం తేలిగ్గా ముగించు, వెళ్ళాక నీళ్ళు బాగా తాగు. నీకు చిన్నప్పట్నుంచీ బీపీ తక్కువ, వేడి నీళ్ళలోంచి ఠక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. గట్టు పట్టుకుని, ముందు కూర్చుని, అప్పుడు లేవాలి. నలభై డిగ్రీలు దాటిన నీళ్ళలో పదినిమిషాలు చాలు. తలకి కొబ్బరినూనె రాసుకుని వెళ్ళొద్దు. నెలసరి రోజులు లెక్క చూసుకుని టికెట్లు కొనుక్కో. ఫోను పెట్టెలో పెట్టి తాళం వెయ్యి, తియ్యనే తియ్యొద్దు. నీ ఒంటి సంగతే కాదు, పక్కవాళ్ళ ఒంటి సంగతి కూడా.

బుడాపెస్ట్‌లో సేచెన్యి గురించి నీకు ఎవరైనా చెప్తారు. పసుపుపచ్చ రాజభవనంలా ఉంటుంది, 1913లో తెరిచారు. 1938లో తవ్వడం పూర్తయిన బావి 1246 మీటర్ల లోతుది, అందులోంచి నీళ్ళు 77 డిగ్రీల వేడితో పైకొస్తాయి. చల్లార్చి కొలనులోకి వదులుతారు. చలికాలంలో మంచు పడుతుంటే ఆరుబయట ఆ నీళ్ళలో గుండెలదాకా మునిగి చదరంగం ఆడే తాతగార్లు ఉంటారు. వాళ్ళ ఆట చూడు, సలహాలు చెప్పకు. అయితే సేచెన్యికి ఇప్పుడు జనం తాకిడి ఎక్కువ, పగలు తిరునాళ్ళలా ఉంటుంది. తెరవగానే పొద్దున్నే వెళ్ళు.

నా మనసు మాత్రం రుదాష్ మీదే. దాన్యూబ్ ఒడ్డున, కొండ కింద. పదహారో శతాబ్దంలో ఆ ఊరిని ఏలిన తుర్కుల పాషా సొకొల్లు ముస్తఫా కట్టించాడు. ఎనిమిది స్తంభాలు, వాటి మీద గుమ్మటం, కింద ఎనిమిది పలకల కొలను. మూలల్లో చిన్న కొలనులు, ఒక్కోటి ఒక్కో వేడి. తుర్కులు వెళ్ళిపోయారు, హాబ్స్‌బర్గులు వచ్చి పోయారు, కమ్యూనిస్టులు వచ్చి పోయారు, నీళ్ళు మాత్రం ఆగలేదు. నువ్వు ఇస్తాంబుల్ చూసి వస్తావు కాబట్టి అదే గుమ్మటం, అవే గాజు కన్నాలు అని గుర్తుపడతావు. తేడా కూడా పట్టుకో. ఇక్కడ నడుమ కాలే అరుగు బదులు కొలను ఉంది. భూమిలోంచి వేణ్ణీళ్ళు ఊరకే పారుతుంటే ఎవరు కాదంటారు? అవి నిలవ నీళ్ళు కూడా కావు. రుదాష్ చాలాకాలం మగవాళ్ళకే ఉండేది. తర్వాత ఆడవాళ్ళకి విడిగా రోజు కేటాయించారు, వారాంతాల్లో అందరూ కలిసి. వెళ్ళేముందు ఏ రోజు ఎవరిదో చూసుకో.

ఇప్పుడు రోమ్. కరకల్లా స్నానశాల 216లో తెరిచారు, ఒకేసారి 1600 మంది దాకా పట్టేదని లెక్క. 537లో గోత్ సైన్యం ఊరిని ముట్టడించి నీటికాలవలు తెగ్గొట్టేదాకా నడిచింది. అంతే, నీళ్ళు రాని స్నానశాలని ఏం చేసుకుంటారు? గోడలు చూసి మురిసిపోవడంతో ఆగకు, నేల కింద సొరంగాలుంటాయి, కట్టెలు మోసిన బానిసలు తిరిగిన దారులు. పైన వేలమంది వెచ్చగా ఉండాలంటే కింద కొందరు పొగలో ఉండాలి. ఏ స్నానశాలకి వెళ్ళినా పొయ్యి ఎక్కడుందో అడుగు. దాన్ని ఎప్పుడూ వెనకవైపే పెడతారు.

డయోక్లీషియన్ స్నానశాలకి ఇంకో దారిలో వెళ్ళాలి. దాని చల్లటి గదిని 1560ల్లో మైకెలాంజెలో చర్చిగా మార్చాడు. సాంతా మరియా దెల్యి ఆంజెలి అంటారు. స్నానశాల అనుకుని వెతికితే దొరకదు, చర్చిలోకి నడిచి తల పైకెత్తు. ఆ కమానులు రోమన్లు కట్టినవే. కూలిపోని కప్పు కింద నిలబడితే గానీ ఆ గదులు ఎంత పెద్దవో తెలియదు.

పాంపేలో ఫోరం దగ్గరి స్నానశాలకి తప్పకుండా వెళ్ళు. అక్కడి వేడి గది పైకప్పు నిండా గాడులుంటాయి. అలంకారం కాదది. ఆవిరి చల్లబడి చినుకులై నెత్తిన పడకుండా గాడుల వెంట గోడలకి జారిపోవడానికి. ఇస్తాంబుల్‌లో చల్లటి చుక్క ఒకటి టప్పున వీపు మీద పడి ఉంటుంది కాబట్టి, ఆ మేస్త్రీకి దణ్ణం పెడతావు. గది గోడల వెనకా, నేల కిందా ఖాళీ ఉండేది. నేలని పొట్టి ఇటుక స్తంభాల మీద ఎత్తి, పొయ్యి గాలి వాటి మధ్యగా పోనిచ్చేవారు. నేల విరిగిన చోట్ల ఆ స్తంభాలు కనపడతాయి.

ఇక బాత్. రోజుకి 11.7 లక్షల లీటర్ల నీళ్ళు 46 డిగ్రీల వేడితో ఊరుతున్నాయి, రోమన్ల కాలం నుంచీ. పెద్ద కొలను అడుగున పరిచిన సీసపు రేకులు, 45, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయని రోమన్లు అలాంటి నీళ్ళలో దిగేవారనుకోకు. అప్పట్లో పైన కప్పు ఉండేది. ఇప్పుడు లేదు, ఎండ తగిలి నాచు పెరుగుతోంది. స్తంభాల మొదళ్ళు రోమన్లవి, పైన నిలబెట్టిన చక్రవర్తుల విగ్రహాలు విక్టోరియా కాలంవి. ఆ నీళ్ళలో చెయ్యి పెట్టొద్దు. 1978లో ఆ నీళ్ళలోని అమీబా సోకి ఒక పిల్ల చనిపోయాక స్నానాలు ఆపేశారు. పక్కనే 2006లో తెరిచిన కొత్త స్నానశాలలో అవే ఊట నీళ్ళు శుద్ధి చేసి ఇస్తారు, మేడ మీద కొలను ఉంది. దిగడం అక్కడ దిగు.

బాత్ మ్యూజియంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి శాపాల రేకులు. ఊటలోంచి 130 దాకా దొరికాయి. స్నానం చేస్తుంటే బట్టలు పోయినవాళ్ళు, దొంగ ఆడో మగో, బానిసో స్వతంత్రుడో తెలియక, ఎవరైనా సరే వదలొద్దని సూలిస్ మినర్వా అమ్మవారికి సీసపు రేకుల మీద మొరపెట్టుకుని నీళ్ళలో పడేశారు. ఆ చక్రవర్తుల బొమ్మల కంటే, అంగవస్త్రం పోగొట్టుకుని చలిలో వణుకుతూ తిట్టుకున్న మనిషి నాకు బాగా దగ్గరివాడనిపిస్తాడు. నీ సామాను నువ్వు జాగ్రత్తగా చూసుకో.

లోపలికి ఎవరు వచ్చారో చదివినంత శ్రద్ధగా, ఎవర్ని రానివ్వలేదో కూడా చదువు. స్పెయిన్ వెళ్ళే వీలు దొరికితే గ్రనడాలో ఎల్ బన్యువేలో అని పదకొండో శతాబ్దపు అరబ్బుల స్నానశాల ఉంది, కప్పుకి నక్షత్రాల్లా కన్నాలు. అక్కడే 1567లో రెండో ఫిలిప్ రాజు ఆజ్ఞతో, మతం మార్చుకున్న ముస్లింలు స్నానశాలలకి వెళ్ళడమే నేరమైంది. ఒళ్ళు కడుక్కోవడం కూడా అనుమానాస్పదమే. ‘అయ్యో, ఎంత అన్యాయం’ అని మనం అనేముందు, 1927లో మహాడ్ చెరువు నీళ్ళు తాగడానికి అంబేడ్కర్ వేలమంది దళితుల్ని వెంటబెట్టుకుని వెళ్ళాల్సి వచ్చిందని గుర్తుండాలి. సోషల్ టీచరుగా ఇది చెప్పకుండా ఉండలేను.

జపాన్ గురించి ఎక్కువ చెప్పను, అక్కడ గోడలనిండా బొమ్మలతో సహా నియమాలు రాసి ఉంటాయి. మొత్తం ఒకే మాట: ఒళ్ళు పూర్తిగా తోముకుని, సబ్బు పోయేదాకా కడుక్కుని, ఆ తర్వాతే తొట్టిలోకి. నిలబడి నీళ్ళు పోసుకోకు, పక్కవాళ్ళ మీద చిందుతాయి. పీట ఉంటుంది, కూర్చో. చిన్న తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు, మడిచి నెత్తిన పెట్టుకుంటారు. నీ మణికట్టు మీద సీతాకోకచిలుక ఉందే, దానితోనే తంటా. పచ్చబొట్టు అంటే అక్కడ ముఠాలవాళ్ళ గుర్తు, చాలాచోట్ల రానివ్వరు. చిన్నదే కాబట్టి అతుకుపట్టీ వేసి కప్పు. మన పల్లెల్లో పచ్చబొట్టు లేని ముసలమ్మే ఉండేది కాదు, వాళ్ళనెవర్నీ జపాన్‌లో స్నానానికి రానివ్వరు కాబోలు! మత్సుయమలో డోగో స్నానశాల 1894 నాటి మూడంతస్తుల చెక్కమేడ, మరమ్మతులన్నీ అయి 2024లో పూర్తిగా తెరిచారు. నత్సుమే సోసెకి ఆ ఊళ్ళో పంతులుగా పనిచేసి, ‘బొచ్చన్’ నవలలో ఆ స్నానాల్ని పెట్టాడు. పొద్దున ఆరింటికి పైన డోలు మోగుతుంది, ఆ వేళకి అక్కడుండు. టోక్యోలో మాత్రం పేరున్నవి వెతక్కు. నువ్వు దిగిన వీధిలోనే ఫూజీ కొండ బొమ్మ గోడకి గీసిన సెంతో, అంటే వీధి స్నానశాల, ఏదైనా ఉంటే సాయంత్రం వెళ్ళు. వాళ్ళ ఇళ్ళన్నిటిలో స్నానాల గదులొచ్చేసి ఇవి ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. నువ్విచ్చే టికెట్ డబ్బు వాళ్ళకి పనికొస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు హైదరాబాద్‌లో దిగుతావుగా, నేనూ వస్తాను. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఒక హమ్మాం ఉంది. ఆ వంశాన్ని మొదలుపెట్టిన సుల్తాన్ కులీ పర్షియాలోని హమదాన్ నుంచి వచ్చినవాడు, ఆ స్నానపు అలవాటూ అటునుంచి వచ్చిందే. ఈ హమ్మాం మాత్రం బతికున్నవాళ్ళకి కాదు, సమాధి చేసేముందు రాజుల్ని కడిగిందని చెప్తారు. నడుమ అరుగు ఉంది, నువ్వు ఇస్తాంబుల్‌లో పడుకున్న అరుగులాంటిదే. అది చూశాక మధ్యాహ్నానికి బిర్యానీ తిందాం, అక్కణ్ణించి రాత్రి బండికి రాజమండ్రి.

ఇదంతా మీ అమ్మకి చదివి వినిపించకు. అడిగితే ఈతకొలనుల్లాంటివి, ఆడవాళ్ళకి వేరే ఉంటాయి అని చెప్పు. జపాన్ సంగతి నేను మెల్లగా చెప్తాను.

మీ పెద్దమ్మ